మొలతాడు తీయించిన మెషీను

మా రోజుల్లో పొత్తికడుపులో నెప్పి అంటే డాక్టరు చెయ్యి వేసేవాడురా అబ్బాయ్. ఊరికే వేసేవాడు కాదు, అరచేతులు రెండూ రుద్దుకుని వెచ్చబెట్టుకుని మరీ వేసేవాడు. నొక్కితే నెప్పా, వదిలితే నెప్పా, రాత్రి ఏం తిన్నావు, దొడ్డికి సరిగ్గా అవుతోందా, మీ నాన్నకి ఇలాంటిదేమన్నా ఉండేదా, ఈ ఏడు మిర్చి ఎంత పలికింది, ఇలా అన్నీ అడిగాక గానీ చీటీ రాసేవాడు కాదు. కాంపౌండరు గాజు సీసాలో ఎర్రమందు పోసి, పక్కన గాట్లు కత్తిరించిన కాయితం అంటించి, గాటుకో మోతాదు తాగమనేవాడు. తగ్గితే తగ్గేది. తగ్గకపోతే ఏం చేసేవారన్నది ఇప్పుడు అడక్కు, తర్వాత చెబుతాను.

ఇప్పుడు చూడు. ఒంటేలు కాస్త ఎర్రగా వస్తోందని నేను నోరు తెరిచానో లేదో, డాక్టరు బాబు కంప్యూటరు వైపే చూస్తూ ‘సీటీ అబ్డామిన్ పెల్విస్’ అని కొట్టాడు. నా మొహం చూడలేదు. బయటికొచ్చాక మా మనవడు ఫోన్లో వేలు ఆడించి, కొత్తపేటలో ఏ సందులో చేస్తారో, ఎప్పుడు ఖాళీగా ఉంటుందో కూడా పట్టేశాడు. గుంటూరు కొత్తపేట నీకు తెలుసుగా, అక్కడ గోడకి మేకు కొట్టే చోటు లేదు, అన్నీ డాక్టర్ల బోర్డులే. అక్కడికి వెళ్ళాక వాళ్ళు చేసిన మొదటి పని నా మొలతాడు తీయమనడం.

మొలతాడురా! పుట్టినప్పటినించీ, పాతది తెగితే కొత్తది కట్టుకోవడమే గానీ, మొల ఖాళీగా ఉన్న పూట నేనెరగను. వెండి తాయెత్తు కూడా ఉంది దానికి. టెక్నీషియను కుర్రాడు ‘లోహం ఉంటే బొమ్మలో గీతలు పడతాయి తాతగారూ, సరిగ్గా అక్కడే చూడాలి మరి’ అన్నాడు. వాడన్నదాన్లో నిజముంది. పొత్తికడుపు తీసేటప్పుడు నడుం దగ్గరున్న బెల్టు బకిల్, ప్యాంటు జిప్పు, తాళాల గుత్తి, ఆడవాళ్ళయితే వడ్డాణం, పిన్నీసులు, ఇవన్నీ అడ్డమే. అందుకే ఇంటి దగ్గరే తీసి బీరువాలో పెట్టి, నాడా పైజమా వేసుకుని వెళ్ళు. అక్కడ తీస్తే ఎవరి చేతిలో పెట్టాలో తెలీదు. తుంటి మార్పిడి చేయించుకున్నవాళ్ళు మాత్రం ఆ ఇనుమెక్కడ తీస్తారు, ముందే చెబితే చాలు.

అసలు ఈ సీటీ ఎక్కడ పుట్టిందో తెలుసా నీకు? ఘంటసాల రికార్డుల మీద గ్రామఫోను ముందు చెవి రిక్కించి కూచున్న కుక్కబొమ్మ ఉండేది చూశావా, ఆ హెచ్‌ఎంవీకి యజమాని అయిన ఈఎంఐ కంపెనీలో పుట్టింది. పాటలమ్ముకునే కంపెనీలో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు కూచుని, ఎక్స్‌రేని చుట్టూ తిప్పి కొలిస్తే లోపలి ముక్కని బొమ్మగా గీయొచ్చని కనిపెట్టాడు. ల్యాబులో మొదటి బొమ్మకి కొలతలు తీయడానికే తొమ్మిది రోజులు పట్టిందిట, లెక్కగట్టడానికి మరో రెండున్నర గంటలు. అదీ పనంటే! నిదానం ఉండాలి దేనికైనా. 1971 అక్టోబరు 1న లండన్ శివారు వింబుల్డన్‌లోని ఆస్పత్రిలో మొదటి పేషెంటుకి తల స్కాన్ తీశారు, 1979లో హౌన్స్‌ఫీల్డ్‌కి, భౌతిక శాస్త్రవేత్త అలన్ కార్మాక్‌కి కలిపి నోబెల్ ఇచ్చారు. తల నించి పొత్తికడుపు దాకా దిగిరావడానికి మరికొన్నేళ్ళు పట్టింది. ఇప్పుడు మీ మెషీను కొన్ని సెకన్లలో అయిందనిపిస్తుంది. డబ్బు పుచ్చుకున్నవాడు అంత తొందరగా లేచి పొమ్మంటే నాకు మనసొప్పదు.

సరే, నేను చెప్పదలిచింది ఇదీ. మెషీను అన్నీ చూస్తుంది గానీ ఏదీ అడగదు. అడిగే మనుషులు ఎవరి తొందరలో వాళ్ళున్నారు. కాబట్టి నువ్వే నోరు విప్పాలి. మా రోజుల్లో మొహమాటపడినా డాక్టరు లాగేవాడు, ఇప్పుడు మొహమాటపడితే నీకే నష్టం.

ముందు అడగాల్సింది, నాది ప్లేనా, కాంట్రాస్టా అని. రాళ్ళ కోసమో, తుంటి ఎముక చిట్లిందేమోననో అయితే సాధారణంగా ప్లేన్ చాలు, సూది ఉండదు. గడ్డ ఉందేమో, ఎంతవరకు పాకిందో, లోపల చీము పట్టిందేమో చూడాలంటే నరంలోకి కాంట్రాస్ట్ ఎక్కిస్తారు. దాన్లో ఉండేది అయోడిన్. అయోడిన్ అంటే మాకు తెలిసింది మోకాలు దోక్కుపోయినప్పుడు మాస్టారు రాసే టింక్చరు, రాస్తే వీధి చివరికి వినబడేలా కేకపెట్టేవాళ్ళం. ఇది మండదు. కానీ ఎక్కిన కాసేపటికి ఒళ్ళంతా వేడెక్కుతుంది, నోట్లో ఇనుప రుచి తగులుతుంది, ఆ తర్వాత... ఎలా చెప్పను, పంచె తడిసిపోయిందనిపిస్తుంది. తడవదు. ఆ మాట ముందుగా చెప్పినవాడు ఒక్కడూ లేడు. నా వయసులో అలా అనిపిస్తే మనిషి ఏమనుకుంటాడు? అది నిమిషంలో పోతుంది, గాబరా పడకు.

ఆ మందు కిడ్నీల దారినే బయటికి పోవాలి. అందుకే క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని రమ్మంటారు. షుగరుకి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్ళు ఆ బిళ్ళ పేరుతో సహా చెప్పాలి. కిడ్నీలు బలహీనంగా ఉంటే దాన్ని రెండు రోజులు ఆపి, మళ్ళీ రక్తం చూసి మొదలెట్టమంటారు. కిడ్నీలు బాగున్నవాళ్ళకి చాలామందికి ఆపక్కర్లేదు. అంతేగానీ, పక్కింటి పిన్నిగారు ఆపిందని నువ్వు ఆపకు. బీపీ బిళ్ళ కూడా సొంత తెలివితో మానకు. కాసిని నీళ్ళతో వేసుకోవచ్చా అని వాళ్ళనే అడుగు. కాంట్రాస్ట్ ఉంటే చాలాచోట్ల నాలుగ్గంటలు ఏమీ తినొద్దంటారు. షుగరున్నవాళ్ళు పొద్దున్నే టైము ఇమ్మని గట్టిగా అడగండి. మా మనవడు నాకు ఒంటిగంటకి బుక్ చేశాడు, పెసరట్టు వాసన దాటుకుంటూ వెళ్ళాల్సి వచ్చింది.

ఇదివరకు ఎప్పుడైనా కాంట్రాస్ట్ ఎక్కిస్తే దద్దుర్లు లేచాయా, ఆయాసం వచ్చిందా, ఉబ్బసం ఉందా, ఇవి తప్పకుండా చెప్పు. మా బావమరిది మాత్రం తనకి రొయ్యలు పడవు కాబట్టి అయోడిన్ ఎక్కించకూడదని కౌంటరు దగ్గర పెద్ద గొడవ పెట్టుకున్నాడు. రొయ్యలు పడకపోవడం వేరు, ఈ మందు పడకపోవడం వేరు, ఆ ఎలర్జీకి అయోడిన్ కారణమే కాదు. వాడికి చెబితే వినడు, వాడిది మా తరమే.

వాళ్ళిచ్చిన కాయితంలో ‘గర్భవతా?’ అని నన్నూ అడిగారు. మా మనవడు పకపకా నవ్వి ‘కాదు’ అని టిక్కు పెట్టాడు. నవ్వులాటకి బాగానే ఉంది గానీ, వయసులో ఉన్న ఆడపిల్లలు ఆ గడి దాటేసి వెళ్ళకూడదమ్మా. నెల తప్పిందేమోనన్న అనుమానం రవ్వంత ఉన్నా బల్ల ఎక్కకముందే చెప్పాలి, ఎక్స్‌రే సూటిగా తగిలేది అక్కడే కదా. పాలిచ్చే తల్లి మాత్రం కాంట్రాస్ట్ ఎక్కించారని పాలు మాన్పించక్కర్లేదు.

ఇంకో తమాషా. కొన్నింటికి మందు కలిపిన నీళ్ళు సీసాడు ఇచ్చి, గంటసేపు కొంచెం కొంచెంగా తాగమంటారు, పేగులు విడివిడిగా కనబడాలిట. బ్లాడరు నిండుగా ఉండాలి, ఒంటేలుకి వెళ్ళొద్దంటారు. ప్రోస్టేటు ఉబ్బిన ముసలాణ్ణి పట్టుకుని ఒంటేలుకి వెళ్ళొద్దనడం! నా ముందు టోకెన్లు ఇంకా ఉన్నాయని తెలిసి నేను గోడ మీద వెంకటేశ్వరస్వామి కేలండరు చూస్తూ నిలబడ్డాను. ఆపుకోలేకపోతే చెప్పెయ్యి, మళ్ళీ నీళ్ళు తాగిస్తారు, అంతకన్నా ఏం చేస్తారు.

మెషీను గుహలా ఉంటుందని భయపెట్టారు మా వీధివాళ్ళు. గుహ కాదు, నిలబెట్టిన పెద్ద గారె. బల్ల మీద పడుకోబెట్టి ఆ చిల్లులోంచి అటూ ఇటూ జరుపుతారు, తలకాయ చాలావరకు బయటే ఉంటుంది. గుహలా ఉండి డబడబమనేది ఎమ్మారై, అది వేరు. దీన్లోంచి ‘బ్రీత్ ఇన్, హోల్డ్’ అని ఒక దొరసాని గొంతు వస్తుంది. తెలుగు రాదు దానికి. గాలి పీల్చి బిగబట్టమని అర్థం, కదిలితే బొమ్మ చెదురుతుంది. సూది గుచ్చినచోట వాస్తే, గొంతు పట్టేసినట్టయితే, దురద పుడితే అక్కడే అరిచి చెప్పు. పూర్తయ్యాక కాసేపు కూచోమంటారు, కూచో. కిడ్నీ డాక్టరో గుండె డాక్టరో నీళ్ళు తగ్గించమనకపోతే ఆ రోజంతా బాగా తాగు.

రేడియేషన్ అంటావా? భూమిలోంచి, ఆకాశంలోంచి మనిషికి ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టులు తగులుతూనే ఉంటాయి. పొత్తికడుపు సీటీ ఒకదానికి సుమారు 6 ఉంటుంది, మెషీనుని బట్టీ మనిషిని బట్టీ మారుతుంది. ప్లేనూ కాంట్రాస్టూ రెండూ తీస్తే రెట్టింపు దాకా పోవచ్చు. అవసరమైన స్కానుకి భయపడి మానేయాల్సినంత కాదు. అలాగని గ్యాసు నెప్పికల్లా ‘ఒకసారి సీటీ తీయించేద్దాం’ అనడానికి అది సినిమా టిక్కెట్టూ కాదు. ఎందుకు తీస్తున్నారని డాక్టర్ని అడగడం తప్పు కాదురా. గర్భసంచి, అండాశయాల సంగతికి ముందు అల్ట్రాసౌండ్ చూస్తారు, దానికి రేడియేషనే లేదు. ప్రోస్టేటులో గడ్డ అనుమానమైతే ఎమ్మారై మెరుగ్గా చూపిస్తుంది. మా డాక్టరు ఇవన్నీ అడక్కుండానే చెప్పేవాడు. అప్పుడు ఈ మెషీన్లు లేవంటావా? ఉంటే చెప్పేవాడు.

ఆ, తగ్గకపోతే ఏం చేసేవారో చెబుతానన్నాను కదూ. పొట్ట కోసి చూసేవారు. లోపల ఏముందో బయటినించి తెలీదు మరి. కోసి, ఏమీ లేదని మళ్ళీ కుట్టి పంపినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళు ఆ గాటు జీవితాంతం చూపించుకుని తిరిగారు. నా బ్లాడరులో రాయి ఉందని మీ గారె మెషీను గాటు లేకుండా చెప్పింది. చెప్పిందిలే.

కానీ రిపోర్టు ఫోన్లోకి లింకుగా వస్తుందట! ఫిల్ములు కావాలంటే కౌంటరులో పిల్ల నన్ను పురావస్తువుని చూసినట్టు చూసింది. నువ్వు మాత్రం వదలకు, లింకు ఎన్నాళ్ళుంటుందో అడుగు, బొమ్మలన్నీ డిస్కులోనో పెన్‌డ్రైవులోనో ఎక్కించుకో. రేపు మళ్ళీ స్కాన్ తీస్తే పాతది పక్కన పెట్టి పోల్చడానికి కావాలి, రిపోర్టు కాయితం ఒక్కటే చాలదు. మా రోజుల్లో ఎక్స్‌రే ఫిల్ము ఇంట్లో తరాల తరబడి ఉండేది. 1980 ఫిబ్రవరిలో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు మా వీధి వీధంతా మా నాన్న ఛాతీ ఎక్స్‌రేలోంచే చూసింది. అలా చూస్తే కళ్ళు పోతాయని ఇప్పుడు కళ్ళ డాక్టర్లంటారు, సరే, అది ఒప్పుకుంటాను. అయినా ఆ లింకులోంచి ఏదీ, గ్రహణం చూడు చూద్దాం.