తాళములో నుండిన లెక్కపెట్టె

ఇంగ్లాండు దేశపు నైరృతి కొసన, సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన కార్న్‌వాల్ సీమలో, రాగిగనుల అడుగున ఊరు నీటిని తోడిపోయు ఒక ఆవిరియంత్రమునకు నేను ఉపాంగమును. నా వలన దానికి బలము చేకూరలేదు, వేగము హెచ్చలేదు. నేను లేకపోయినను అది నీరు తోడుచునే యుండెడిది. అయినను నన్ను చేయించినవారు నన్నొక పెట్టెలో నుంచి, తాళము వేసి, తాళపుచెవి తమ యొద్దనే ఉంచుకొనిరి. యంత్రపు దూలము ఒకమారు వంగి లేచినప్పుడెల్ల నాలోని లోలకము ఊగి, పండ్లచక్రమును ఒక్క పన్ను ముందుకు జరిపెడిది; ఒకట్లు పదులై, పదులు నూర్లై, నూర్లు వేలై నా ముఖము మీది ముండ్లను త్రిప్పుచుండెడివి. ఆ ముండ్లు చూపిన అంకెను బట్టియే బర్మింగ్‌హామ్ చెంతనున్న సోహోలోని యజమానులకు రాబడి వచ్చెడిది.

ఆ యజమానులలో ఒకడు జేమ్స్ వాట్. గ్లాస్గో విశ్వవిద్యాలయమునకు గణితపరికరములు చేసియిచ్చుచుండిన ఈతడు పాతరకమైన న్యూకొమెన్ ఆవిరియంత్రపు నమూనా నొకదానిని బాగుచేయుచు, ప్రతి ఊపునకును సిలిండరును చల్లార్చి మరల కాచుటలోనే ఆవిరి అధికభాగము వ్యర్థమగుచున్నదని గ్రహించి, ఆవిరిని వేరొక పాత్రలో చల్లార్చు ఉపాయమును 1765లో ఊహించి, 1769లో దానికి పేటెంటు పొందెను. పేటెంటు చేతికి వచ్చినంతనే ధనము రాలేదు. పెట్టుబడి పెట్టిన రోబక్ 1773లో దివాలా తీయగా, ఆతని భాగము ఆ యజమానులలో రెండవవాడైన మాథ్యూ బోల్టన్ చేతికి వచ్చెను. పదునాలుగేండ్ల గడువులో ఆరేండ్లు గడచినను ఒక్క యంత్రమైనను అమ్ముడుపోలేదు. మిగిలిన గడువులో పెట్టిన ధనము తిరిగిరాదని లెక్కవేసికొనిన బోల్టన్, కర్మాగారమునకు ఇటుక పేర్చుటకన్న ముందు హక్కునకు ఆయువు పోయించుటయే ప్రధానమని తలచి, 1775లో పార్లమెంటుచేత శాసనము చేయించి ఆ హక్కును 1800 వరకు పొడిగింపజేసెను. వ్యాపారములో దేనిని ముందు భద్రపరచుకొనవలెనో ఆతనికి తెలిసినంతగా ఆ కాలమున మరెవరికిని తెలియదని నా విశ్వాసము.

వారిరువురును చిరకాలము యంత్రమును సంపూర్ణముగా తయారుచేసి అమ్మినవారు కారు. పటములు గీచి యిచ్చెడివారు, సున్నితమైన కవాటముల వంటి కొన్ని భాగములు మాత్రము పంపెడివారు, నిలబెట్టుటకు నేర్పరియైన మనిషిని పంపెడివారు. సిలిండరును జాన్ విల్కిన్సన్ కొలిమి నుండియు, తక్కిన ఇనుమును, కలపను, ఇటుకలను తనకు నచ్చిన చోటనుండియు గని యజమానియే తెప్పించుకొనవలెను. మరి వారు అమ్మినదేమి? ఆదా. అంతే పని చేయుటకు పాతయంత్రము ఎంత బొగ్గు తినెడిదో, క్రొత్తది ఎంత తినుచున్నదో లెక్కకట్టి, మిగిలిన బొగ్గు వెలలో మూడవవంతు మాకిండనిరి. కార్న్‌వాల్ నేలలో రాగియు తగరమును కలవు గాని బొగ్గు లేదు. అది వేల్సు సీమనుండి ఓడలలో రావలసినదే. కావున ఈ బేరము అచ్చటి గనివారి ప్రాణమును తాకినది.

ఎన్ని ఊపులు ఊగినదో తెలియనిదే ఎంత బొగ్గు మిగిలినదో తెలియదు. నా పుట్టుకకు కారణమదియే. గడువు దినమున సోహో ప్రతినిధి దూలపు గదికి ఎక్కివచ్చి, నూనె మరకలైన చేతిని తుడుచుకొని, తాళము తీసి, లాంతరు నా ముఖమునకు దగ్గరగా పట్టి, అంకెను పలికి పుస్తకములో వ్రాసికొనెడివాడు. ప్రక్కన నిలిచిన గని కాప్టెన్ అదే అంకెను తన పుస్తకములోను వ్రాసికొని, పాత అంకెను దానినుండి తీసివేసి, పెదవులు కదుపుచు లెక్క సరిచూచుకొనెడివాడు. ఉపకారము కలిగినప్పుడే వెల పుచ్చుకొనుట, కలిగినంత మేరకే పుచ్చుకొనుట, ఇరుపక్షములును చూచునట్లు లెక్కించి పుచ్చుకొనుట – ఇంతకన్న ధర్మబద్ధమైన వెలను నేనెరుగను.

అట్లని పేటెంటు వారికి కవచము మాత్రమే కాలేదు, అడ్డుగోడయు అయినది. యంత్రముచేత చక్రమును త్రిప్పింపవలసివచ్చినప్పుడు క్రాంకును వాడుట 1780 నాటి జేమ్స్ పికార్డ్ పేటెంటుచేత చిక్కులపాలు కాగా, వాట్ 1781లో సూర్యుని చుట్టు గ్రహము తిరుగునట్టి పండ్లచక్రముల జంటతో ఆ చిక్కును తప్పించుకొనెను.

తామే ఇతరులకు అడ్డుగోడ కట్టిన కథ ఇంకను దీర్ఘమైనది. ఏటేట చెల్లింపవలసిన రుసుము గనివారికి భారమై తోచి, పలుచోట్ల ఊపుల లెక్క మాని సాలుకింతయని ఒప్పందములు చేసికొనిరి. జొనథన్ హార్న్‌బ్లోవర్ రెండు సిలిండర్ల యంత్రమును కల్పించెను. ఒకప్పుడు సోహోవారి కొలువులోనే ఉండిన ఎడ్వర్డ్ బుల్ సిలిండరును తలక్రిందులుగా నిలిపిన యంత్రములు కట్టెను. ఇరువురును ఆవిరిని చల్లార్చు వేరుపాత్ర యొద్ద వాట్ హక్కునకు తగులుకొనిరి. పటములు లేక సూత్రమును మాత్రము వివరించిన పేటెంటు చెల్లునా చెల్లదా యను వాదములో 1795లో న్యాయమూర్తులు సరిసగముగా చీలిపోయినను, 1799లో తీర్పు వాట్ పక్షమున వచ్చెను. తమ హక్కును రక్షించుకొనుటను నేను తప్పుపట్టను. ఇతరుల మెరుగులకు అనుమతి యిచ్చి, ఆ ఆదాలోను భాగము పుచ్చుకొనియుండిన ఎంత బాగుండెడిదని మాత్రము పరితపింతును. మిగిలిన బొగ్గును నా చక్రములు లెక్కించెను. ఆగిపోయిన ప్రయత్నములను లెక్కించు చక్రము నాలో లేదు.

1800లో హక్కు ముగిసెను. సోహోవారి మనుష్యులు కార్న్‌వాల్ విడిచిపోయిరి, రుసుము పోయెను, నాతో పనియు పోయెను. విచిత్రమేమనగా, అడుగువారు లేకపోవుటచే కొన్నియేండ్లు యంత్రములు సరియైన పోషణలేక మునుపటికన్న హీనముగా పనిచేసినవి. అది గమనించిన గనివారు 1811లో జోయెల్ లీన్ అనువానిని నియమించి, ఏ గనిలో ఏ యంత్రము ఒక బుషెల్ కొలత బొగ్గునకు ఎంత నీరెత్తినదో నెలనెలయు అచ్చువేయించి అందరికిని తెలియజేయసాగిరి. నా వంటి లెక్కపెట్టెలకు మరల తాళములు పడినవి. ఈమారు తాళపుచెవి లీన్ చేతిలో నుండెను. ఒక గని ఇంజనీరు చేసిన మార్పు మరునెలలో పొరుగు గనివారికి తెలియుచుండెను, ఆ సీమ ఇంజనీర్లు పేటెంట్ల జోలికి అరుదుగా పోయిరి, వారిలో ఒకడైన ట్రెవితిక్ నీరు తోడు తన అధికపీడన యంత్రమును సయితము పేటెంటు లేకయే గనివారికి విడిచెను. వాట్ దినములలో బుషెల్ బొగ్గునకు సుమారు 2 కోట్ల పౌనుల నీటిని అడుగెత్తు లేపుట గొప్పగా నుండగా, 1835లో ఫోవీ కన్సల్స్ గనిలోని యంత్రమొకటి 12½ కోట్ల పౌనులను లేపినది.