బావగారి గోరు

మా బావగారు ఎవరింటికి వెళ్లినా కూర్చోకముందే కుర్చీ చెయ్యి మీద గోటితో గీకి చూస్తారు. గోరు సందులో కాస్త రంగు పొడి రాలిందా, ఇక ఆయన మొహం వెలిగిపోతుంది. "లోపలున్నది టేకేనోయ్! ఏ మహానుభావుడు పూశాడో దీనికి ఈ ఎనామిల్!" అంటారు. ఆ మహానుభావుడు సాధారణంగా ఆ ఇంటి యజమానే. కాఫీ గ్లాసులు పట్టుకుని వెనకాలే నిలబడి ఉంటాడు.

మా అమ్మాయికి సంబంధం చూడ్డానికి వెళ్లినప్పుడు పెద్దమనిషి కదా అని ఆయన్ని వెంట తీసుకెళ్లాం. వచ్చేటప్పుడు కారులో, "ఎలా ఉంది బావగారూ?" అనడిగాను. "గుమ్మం బ్రహ్మాండం. చాక్లెట్ రంగు కొట్టి చంపేశారు గానీ" అన్నారు. అబ్బాయిని ఆయన చూశారో లేదో నాకిప్పటికీ అనుమానమే.

ఇలాంటివారిని భగవంతుడు కుటుంబానికొకరు చొప్పున మంజూరు చేస్తాడు. కొత్త వస్తువు కొనరు. పాతదాన్ని పాతగా ఉండనివ్వరు. హైదరాబాదు వెళ్తే చార్మినార్ చూడరు, ఎర్రగడ్డ ఆదివారం సంతకి వెళ్లి, చుట్టూ జనం తోసుకుంటున్నా కదలకుండా, కాలు విరిగిన స్టూలు ముందు గొంతుక్కూర్చుంటారు. కరెంటాఫీసులో ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఈ రోగం ఆదివారాలకే పరిమితమై ఉండేది. రిటైరయ్యాక వారమంతా ఆదివారమే.

తుపాకీ అలాంటి రోజుల్లో వచ్చింది.

తుపాకీ అంటే కంగారుపడకండి. తీర్థాల్లో బుడగలు కొట్టించే ఎయిర్ గన్. మా కోనసీమ వైపు ఏ తీర్థానికెళ్లినా జీళ్ల కొట్టు పక్కన ఒకడు నల్లగుడ్డ మీద బుడగలు కట్టుకుని నిలబడతాడు చూడండి, ఆ బాపతు. గొట్టం మధ్యకి విరిచి, సీసపు గుండు పెట్టి, మళ్లీ మూసి కొడతారు. ముసలాడొకడు దుకాణం ఎత్తేస్తూ ఉంటే బావగారు బేరమాడి కొనుక్కొచ్చారు. గొట్టానికి వెండి రంగు, మధ్యలో ఎర్ర పట్టీలు, కట్టెకి ఆకుపచ్చ. పెళ్లి బ్యాండు వాళ్లు మర్చిపోయి వెళ్లిన సామానేమో అనుకుంది మా అక్కయ్య. వీధిలో నలుగురూ నోరు విప్పేలోపే బావగారు జేబులోంచి కాగితం తీశారు: 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం గొట్టం బోరు 4.5 మిల్లీమీటర్లూ శక్తి 20 జౌళ్లూ దాటకపోతే లైసెన్సు అక్కర్లేదు. "మరి పిట్టల్ని కొడతారా తాతగారూ?" అన్నాడు పక్కింటి కుర్రాడు. వాడికి 1972 వన్యప్రాణి చట్టం మీద ఉపన్యాసం పడింది. వాడు మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

ముందు కట్టె. మొదట వచ్చిన తగువు ఉప్పు కాగితం దగ్గర. "గీకేస్తే పోదా?" అన్నాను. ఆయన నావైపు జాలిగా చూశారు. ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల భాగాలకి 90 భాగాలకి మించకూడదన్న నియమం అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనట. అంతకుముందు పూసిన రంగుని పొడిగా గీకితే ఆ దుమ్మంతా మన ఊపిరితిత్తుల్లోకే. అందుకని రిమూవర్ పూసి వదిలెయ్యాలి. కాసేపటికి రంగు ముడతలు పడి మీగడలా లేస్తుంది. దాన్ని ఇనప రేకుతో తియ్యకూడదు, కట్టెకి గీతలు పడతాయి. కాబట్టి అక్కయ్య చెక్క గరిటె బలైంది. మూలమూలలకి "పాత టూత్ బ్రష్ ఒకటి" కావలసి వచ్చింది. అది నాది. పాతది కాదు.

ఆకుపచ్చ కింద పోస్టు డబ్బా ఎరుపు, ఎరుపు కింద కాషాయం, కాషాయం కింద లప్పం. ఒక్కో పొర ఊడినప్పుడల్లా ఒక్కో తరాన్ని తిట్టిపోశారు. "అడుగున జిట్రేగి ఉంటుంది చూడు" అని పందెం కూడా కాశారు. లప్పం మొత్తం ఊడాక బయటపడ్డది ఏ పేరూ లేని మామూలు కట్టె. దాని నడుము దగ్గర నిలువునా చీలిక, చీలికలో అరల్డైటు. ఒక పూట ఎవరితోనూ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే ఫోను: "పేరులో ఏముందోయ్, నార చూడు, నార!"

ఇక ఇస్త్రీపెట్టె విషయం. కట్టె మీద నొక్కులు పడితే తడిగుడ్డ వేసి, పైన వేడి ఇస్త్రీపెట్టె పెట్టాలి. ఆవిరి లోపలికి వెళ్లి, అణిగిపోయిన నార ఉబ్బి పైకొస్తుంది. అక్కయ్య తన ఇస్త్రీపెట్టె ముందుచూపుతో బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. ఆయన మా ఇంటికొచ్చారు. నా తెల్లచొక్కా వీపు మీద ఆకుపచ్చ మచ్చ దాని ఫలితమే. ఈ వ్యాసం రాయడానికి ప్రధాన కారణం కూడా అదే.

కానీ ఒకటి చెప్పాలి. నొక్కు లేచింది. బొటనవేలు దూరేంత గుంట. తడిగుడ్డ బుస్సుమంది, ఆయన తీశారు, వేలితో తడిమారు, మళ్లీ తడిపి వేశారు. మూడోసారి గుడ్డ తీసేసరికి గుంట ఉన్నచోట ఉత్త తడిమరక మాత్రం ఉంది. బావగారు నా చెయ్యి పట్టుకుని వేలు దానిమీద పెట్టి, కళ్లు మూసుకోమన్నారు. మూసుకున్నాను. ఎక్కడుందో తెలియలేదు. ఆ క్షణాన చొక్కా సంగతి నాకు గుర్తులేదు.

ఆ తర్వాత గొట్టం. అది విప్పడంలో లోపలి స్ప్రింగు ఒక్కుదుటున ఎగిరి సీలింగు ఫ్యానుకి తగిలింది. ఆ ఫ్యాను ఇప్పటికీ ఒక రెక్క వంచుకుని తిరుగుతోంది. రంగు ఊడాక తెల్లటి ఉక్కు బయటపడింది. దానికి పూర్వపు నల్లటి మెరుపు తెప్పించాలి. బావగారు దానికి ఎంచుకున్న పద్ధతి వింటే ఎవరికైనా మతిపోతుంది. ముందు ఉక్కుకి కావాలని తుప్పు పట్టించాలి. ఆ ఎర్రతుప్పుని డిస్టిల్డ్ వాటర్లో మరిగిస్తే నల్లబడుతుంది. పైన రేగిన పొడిని సన్నటి స్టీల్ పీచుతో తుడిచేసి మళ్లీ తుప్పు, మళ్లీ మరగబెట్టడం. అలా పొర మీద పొర. ఆ నలుపు కూడా ఇనుముకీ ఆక్సిజనుకీ పుట్టిన బిడ్డే గానీ, ఎర్రదానిలా తినెయ్యదు. ఉక్కుని అంటిపెట్టుకుని నూనెని పట్టి ఉంచుతుంది.

కాకినాడలో ఇనుముకి తుప్పు పట్టించడానికి ప్రత్యేక ప్రయత్నం చేసిన మనిషి చరిత్రలో ఈయనొక్కరే అయ్యుంటారు. మా కిటికీ ఊచలు ఏ శిక్షణా లేకుండానే పట్టించుకుంటాయి. ఈయన మాత్రం గొట్టాన్ని బాత్రూంలో వేలాడదీసి, కింద వేణ్నీళ్ల బకెట్ పెట్టి, తలుపు మూసి, "ఎవరూ వెళ్లొద్దు, వేలిముద్రలు పడతాయి" అని బోర్డు తగిలించారు. ఇంటిల్లిపాదీ మా ఇంటికి స్నానాలకొచ్చారు. మరిగించడానికి గొట్టం పట్టేంత పెద్ద పాత్ర ఏది? అక్కయ్యకి మా అమ్మ పెట్టిన గంగాళం. అందులో ఇన్వర్టర్లకి పోసే నీళ్లు క్యాన్ల కొద్దీ తెప్పించి పోశారు. "తుప్పు వదిలించడానికి చింతపండు అడిగే మొగుళ్లని చూశాను గానీ" అని అక్కయ్య మాట సగంలో ఆపి లోపలికెళ్లిపోయింది. గిన్నెలు తోమే పీచు ఇవ్వబోయిందట అంతకుముందు. "నాలుగు సున్నాల పీచు కావాలి, అంట్ల పీచు కాదు" అని కసిరారట.

చివరికి కట్టెకి అవిసె నూనె. రోజుకోసారి చొప్పున వారం, వారానికోసారి చొప్పున నెల, నెలకోసారి చొప్పున ఏడాది, ఆపైన బతికినన్నాళ్లూ ఏడాదికోసారి. ఇది వడ్రంగుల పాత లెక్కట. బీపీ మాత్ర మర్చిపోయే మనిషి దీన్ని ఒక్కరోజు తప్పలేదు. నూనె పీల్చిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి కాబట్టి విడివిడిగా తీగమీద ఆరెయ్యాలి. అది నిజమే, తెలిసినవాళ్లెవరైనా చెబుతారు. తీగమీద అక్కయ్య పట్టుచీర ఉందన్నది మాత్రం ఆయన లెక్కలోకి రాలేదు.

ఇప్పుడా తుపాకీ హాల్లో గోడమీద ఉంది. అందంగా ఉంది, అబద్ధమెందుకు. గొట్టం నీలిఛాయ కొట్టే నలుపు, కట్టె తేనెరంగు. ఎవరైనా కాలుస్తారా అంటే, "కాల్చడానికా కొన్నది?" అంటారు. ముట్టుకోబోతే చేతులకి తొడుగులిస్తారు.

మొన్న సంక్రాంతికి ఆ బుడగల ముసలాయన అటువైపు వెళ్తూ గుమ్మంలో ఆగాడు. బావగారు చెయ్యిపట్టి లోపలికి తీసుకొచ్చి, లైటు వేసి మరీ చూపించారు. ముసలాయన అటునుంచీ ఇటునుంచీ చూశాడు. తొడుగులు ఇచ్చేలోపే గొట్టం మీద అరచెయ్యి వేసి నిమిరాడు. బావగారి ప్రాణం గొంతులోకొచ్చింది.

"అయ్యయ్యో, రంగంతా పోయిందేటండి బాబుగారూ! ఉప్పుగాలికి తుప్పట్టకుండా ఏటేటా నా చేత్తో కొట్టేవోణ్ణండి. నల్లగుడ్డ ముందు ఇంత నల్లగా ఉంటే పిల్లలకి కనపడద్దేటండి? ఆకుపచ్చ డబ్బాలో కొంచెం మిగిలిందండి. రేపు తెచ్చి కొట్టేసెళ్లమంటారా?"

"కొట్టెళ్లు బాబూ" అంది వంటింట్లోంచి మా అక్కయ్య.