మహారాజశ్రీ ‘పైనుంచి’ గారికి

మహారాజశ్రీ ‘పైనుంచి’ గారి దివ్య సముఖానికి, నల్లమల అంచున ఉన్న ఒక చిన్న ఊరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల తెలుగు మాస్టారు నమస్కరించి చేసుకునే మనవి.

తమరి అసలు పేరు తెలియనందుకు మన్నించాలి. పాతికేళ్ల సర్వీసులో తమరి దర్శన భాగ్యం కలగలేదు. ‘ఈ లెక్క ఎవరడిగారు సార్?’ అంటే మా హెడ్మాస్టరు గారు ‘పైనుంచి’ అంటారు. ఎంఈవో గారిని అడిగితే ‘మాకూ పైనుంచే’. ఒకసారి జిల్లా కేంద్రానికి వెళ్లినప్పుడు అక్కడి గుమస్తాని కదిపి చూశాను. ఆయన నోరు విప్పలేదు, తలెత్తి సీలింగు ఫ్యాను వైపు చూశాడు. మా బడి పేరు మాత్రం రాయను. రాస్తే సాయంత్రం 5 గంటల్లోగా సంజాయిషీ పంపమంటారు, అదీ ఎక్సెల్ షీటులో.

జూన్ 12న బడి తెరుస్తాం. బ్యాగులు, బూట్లు వస్తాయి. బూట్ల కొలతలు మేం ఎప్పుడో పంపాం. పిల్లల పాదాలు ఉత్తర్వుల కోసం ఆగవు కదా, ఈలోగా పెరిగిపోతాయి. అందుకని తొలివారంలో ఒకరోజు వేపచెట్టు కింద మా వాళ్లే సంత పెట్టుకుంటారు. ఎనిమిదో తరగతి వాడి బూట్లు ఆరో తరగతికి, ఆరో తరగతి వాడివి వాళ్ల చెల్లెలికి, మిగిలిన ఒంటి జోడు ఎవరికీ పట్టక మళ్లీ అట్టపెట్టెలోకి. అరగంటలో సర్దుకుంటారు. తమరికి ఒక్క ఫోను చెయ్యలేదు.

ఆ తర్వాత ఫోటోల రుతువు మొదలవుతుంది, మళ్లీ ఏప్రిల్ దాకా తగ్గదు. హాజరు ఫోటో, కోడిగుడ్డు ఫోటో, మొన్నమొన్నటిదాకా మరుగుదొడ్డి ఫోటో కూడా. మా బడి మరుగుదొడ్డికి ఉన్నన్ని ఫోటోలు మా పెళ్లి ఆల్బంలో లేవు. 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే బడికి సంబంధం లేని పని టీచరుకు చెప్పకూడదంటుంది. అందులో ఫోటో అన్న మాట లేదు కాబట్టి నిషేధంలోకి రాదని తమరు గ్రహించి ఉంటారు. మా దగ్గర సిగ్నలు నీళ్లట్యాంకు మెట్ల మీద, మూడో మెట్టు దగ్గర దొరుకుతుంది. మొన్నామధ్య ఎనిమిదో తరగతికి సంధులు చెబుతూ ‘విద్యా’ ఒకచోట, ‘ఆలయం’ ఒకచోట బోర్డు మీద విడదీసి రాశాను. కలపబోతుంటే ఫోను మోగింది. ‘మోస్ట్ అర్జెంట్, నిల్ అయినా పంపాలి’ అని. మెట్లెక్కి, పంపి, దిగొచ్చేసరికి గంట కొట్టేశారు. ఆ రెండూ ఆ రోజుకి కలవలేదు.

అన్నం సంగతి ఫరవాలేదు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా కేంద్రం లెక్క, పిల్లవాడికి 150 గ్రాముల బియ్యం. తొమ్మిది, పది వాళ్ల కంచం పూర్తిగా రాష్ట్రం ఖాతాలోది. ఏడో తరగతి తమ్ముడు, తొమ్మిదో తరగతి అక్క ఒకే చిక్కీని కొరికి పంచుకుంటారు. అది ఏ ఖాతాలో రాయాలో నాకు తెలీదు. అడగవద్దు.

ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు గురించి చెప్పేదేమీ లేదు. జెండా, గురుపూజ, దసరా. డిసెంబరు నుంచి పదో తరగతికి పొద్దున, సాయంత్రం ప్రత్యేక తరగతులు. పాసవడానికి సబ్జెక్టుకి 35 మార్కులు రావాలి, హిందీకి మాత్రం 20 చాలు. ఆ 20 పెట్టిన మహానుభావుడెవరో గానీ మా పిల్లలు ఆయన పేరున కొబ్బరికాయ కొడతారు.

నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం సంక్రాంతి.

మాది వానను నమ్ముకున్న నేల. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల నుంచి మార్కాపురం పలకలు దేశమంతా వెళ్లేవి. ఇప్పుడు మనుషులు వెళుతున్నారు, గుంటూరు వైపు మిరపకోతకి. మేస్త్రి డిసెంబరులోనే అడ్వాన్సు ఇచ్చేస్తాడు. ఇంటికి ఎన్ని చేతులో లెక్కపెట్టి జేబులోని చిన్న నోటుబుక్కులో రాసుకుంటాడు. యాప్ లేదు, పాస్‌వర్డ్ లేదు, ఆయన లెక్క ఒక్కనాడూ తప్పలేదు.

పోయినేడు మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి సంక్రాంతి సెలవులకు ముందు స్టాఫ్‌రూము గుమ్మం దగ్గర నిలబడింది. ‘సార్, పుస్తకాలు తీసుకెళ్లనా, ఇచ్చేసి పోనా?’ అంది. విద్యాహక్కు చట్టం చూద్దామా అంటే అది 14 ఏళ్ల దాకానే. ఈ పిల్లకి అప్పటికే దాటాయి. తీసుకెళ్లమన్నాను. ఇంకేం చెప్పాలో తోచలేదు.

ఆమె లేని రోజుల్లో హాజరులో నాకు ఉన్న గళ్లు రెండే: వచ్చింది, రాలేదు. ‘మిరప కోస్తోంది’ అనే గడి లేదు. రాలేదు అని నొక్కాను. రెండు నెలల పైన అలాగే నొక్కాను. హాజరు శాతం పడిపోయిందని మీటింగులో నాకు అక్షింతలు పడ్డాయి.

ఉగాది దాటాక వచ్చింది. బెంచీ మీద బ్యాగు తెరిచిందో లేదో, ముందు వరసంతా తుమ్ములు. పిల్లలు నవ్వారు, తనూ నవ్వి, అలవాటున కన్ను తుడుచుకుని, ఆ మంటకు కొళాయి దగ్గరికి పరుగెత్తింది. వేళ్ల కొసలు ఎర్రగా తోలు లేచి ఉన్నాయి. పెన్ను రెండు వేళ్లతో కాక గుప్పిట పట్టుకుంది. తెలుగు పుస్తకం తీసి చూశాను. పేజీల మధ్య మిరప గింజలు. అవి ఉన్న పేజీలు, తను వెళ్లేనాటికి నేను చెప్పిన పాఠానికి రెండు పాఠాల అవతల ఉన్నాయి.

వలస వెళ్లే వాళ్ల పిల్లలను ఊళ్లోనే ఉంచి చదివించడానికి సీజనల్ హాస్టళ్లు పెట్టొచ్చని సమగ్ర శిక్షలో ఉంది. ఇది నేను కల్పించింది కాదు, తమరి కాగితాల్లోనిదే. పోయినేడు ఆ కాగితం మా బడికీ వచ్చింది. ఫిబ్రవరి మూడో వారంలో. ‘వలస వెళ్లే పిల్లల పేర్లు గంటలో పంపండి’ అని. వెళ్లే పిల్లలెవరూ మిగల్లేదు, అందరూ వెళ్లిపోయారు. నిల్ అయినా పంపాలన్నారు కనుక మూడో మెట్టు ఎక్కి నిల్ పంపాను.

ఫోటోలు తగ్గించమని అడగను, అది తమరికి ప్రాణం మీదికి తెచ్చే కోరిక. ఈ ఒక్క కాగితం మాత్రం డిసెంబరులో పంపండి. మేస్త్రి అడ్వాన్సు ఇవ్వకముందే మాకు చేరాలి. అప్పుడైతే నేను ఇల్లిల్లూ తిరిగి, అవ్వలతో తాతలతో మాట్లాడి, పేర్లు సాయంత్రంలోగా పంపుతాను. కావాలంటే ఫోటోతో సహా.

మా ఊరి లారీ కనుమ మర్నాడు తెల్లవారుజామున 4 గంటలకు, మా బడి గేటు ముందు నుంచే బయల్దేరుతుంది.

ఇట్లు
తమ విధేయుడు,
తెలుగు మాస్టారు
(హాజరు: వేసుకున్నాను)