స్క్రూడ్రైవర్ విద్వాంసుడు

ఎలక్ట్రిక్ గిటార్ కొన్నవాళ్లలో రెండు శాఖలున్నాయి: వాయించేవాళ్లు, విప్పేవాళ్లు. మా పై ఫ్లాటాయన రెండో శాఖకు పీఠాధిపతి. ఆదివారం డైనింగ్ టేబుల్ మీద పాత దుప్పటి పరిచి గిటార్ని వెల్లకిలా పడుకోబెట్టారంటే, ఆ పూట ఇంటిల్లిపాదీ నిలబడి టిఫిన్ తినాల్సిందే.

ఆంప్ గుయ్యిమంటుంటే ముందు తీగల మీద చెయ్యి వేస్తారు. మోత తగ్గిందా, "ఎర్త్ భేషుగ్గా ఉంది, షీల్డింగే చాల్లేదు" అని తీర్పు. తీగల కంపనాన్ని పట్టే సింగిల్ కాయిల్ పికప్పు ఇంటి వైరింగులోని 50 హెర్ట్జ్ రొదను కూడా పట్టేస్తుందనీ, దాన్ని వదిలించడానికే గిబ్సన్ గిటార్ల కంపెనీలో సేత్ లవర్ రెండు కాయిల్స్‌ జతచేసి హంబకర్ తయారుచేసి 1955లో పేటెంటుకు పెట్టాడనీ చెబుతూ, గిటారు కడుపు నిండా రాగి రేకు అంటిస్తారు. పూజగదిలో రాగి చెంబు మాత్రం తోమేవాళ్లు లేక నల్లబడిందని వాళ్లావిడ గొణుగుడు.

శ్రుతి విషయంలో రాజీ లేదు. పన్నెండో మెట్టు దగ్గర హార్మోనిక్కూ, నొక్కిన స్వరమూ ఒకటిగా పలకాలి. నొక్కింది హెచ్చితే తీగ ఆనే శాడిల్ వెనక్కి, తగ్గితే ముందుకి. అందుకే ఆ ఇంట్లోంచి మాకు వినపడే సంగీతమంతా పన్నెండో మెట్టుదే. వానాకాలం తేమకు మెడ కదిలితే దాని లోపలి ట్రస్ రాడ్‌ని ఒక్కసారికి పావు చుట్టుకు మించి తిప్పొద్దని ఊరందరికీ చెబుతారు. తాను మాత్రం రోజూ ఓ పావు చుట్టు తిప్పుతారు.

ఓసారి పికప్పు కీచుమంటోందని స్టవ్ మీద మైనం కరిగించారు.

"ఏవండీ, అది పాలు కాచే గిన్నె!"

"ఎడ్డీ వాన్ హేలెన్ కూడా పికప్పుని ఇలాగే మైనంలో ముంచాడోయ్!"

"ఆయన ఆ తర్వాత వాయించాడు కదండీ."

గిటారిస్టు బ్రయాన్ మే తన తండ్రితో కలిసి పాత ఫైర్‌ప్లేస్ చెక్కతో గిటార్ మెడ చెక్కుకున్నాడని తెలిసిన దగ్గర్నుంచి, అత్తగారి టేకు మంచం వైపు ఈయన చూపు అదోలా ఉంది. ఆవిడ పగలు కూడా దాని మీంచి దిగడం లేదు.

మొన్న గిటార్ మొత్తానికే మూగబోయింది. 250 కిలో ఓమ్‌ల వాల్యూమ్ పాట్లు మార్చారు. స్విచ్చి కడిగారు. టంకాలన్నీ ఊడబెరికి మళ్లీ పెట్టారు. అయినా ఉలుకూ పలుకూ లేదు. పక్క ఫ్లాట్ ఇంటర్ కుర్రాడు వచ్చి, "అంకుల్, ఇది ఓసారి చూడండి" అని తన కేబుల్ గుచ్చాడు. గిటార్ గొల్లుమంది. కుర్రాడు అక్కడే ఓ పాటందుకున్నాడు. ఈయన అది వినడం మానేసి, చచ్చిన కేబుల్‌ని కోయడానికి కత్తెర వెతుక్కోసాగారు.

మీ గిటార్ పలకకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి. తర్వాత జాక్ నట్టు బిగించండి; జాక్ తిరక్కుండా పట్టుకుని మరీ, లేకపోతే లోపల వైరు తెగుతుంది. అప్పటికీ పలక్కపోతే స్క్రూడ్రైవర్ తియ్యండి. మా పై ఫ్లాటాయన నంబరు మాత్రం అడక్కండి. ఆయన వెంటనే వచ్చేస్తారు.