ప్రిపరేషన్ ప్రభువులకు మెదక్ నమస్సుమాంజలి

శ్రీశ్రీశ్రీ ప్రొడక్ట్ మేనేజర్ ఇంటర్వ్యూ ప్రిపరేషన్ ప్రభువుల దివ్య సన్నిధికి! గచ్చిబౌలి, మాదాపూర్, రాయదుర్గం అనే మూడు పురాల ఏకఛత్రాధిపతీ, ఫ్రేమ్‌వర్క్ కిరీటధారీ, మాక్ ఇంటర్వ్యూ వినోదలోలా, లింక్డిన్ వందిమాగధ సంస్తుత వైభవా, బీటెక్ పట్టా చేతబట్టుకుని బస్సెక్కిన ప్రతి బిడ్డనూ కొద్ది నెలల్లోనే కస్టమర్ కోసం కంటతడి పెట్టే నాయకుడిగా తీర్చిదిద్దే మహామహిమాన్వితా! హైదరాబాద్‌కు ఉత్తరాన దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో, చర్చి గోపురానికీ ఖిల్లా గోడలకూ నడుమ బతుకుతున్న మా మెదక్ వాళ్లకు తమ గుణగణాలను వర్ణించే పాండిత్యం లేదు. అయినా మా ఊరి పిల్లలు రాత్రింబవళ్లు తమ కొలువులో చేస్తున్న సేవను కళ్లారా చూస్తున్నాం గనుక, ఈ నాలుగు మాటలు తమ పాదాల చెంత ఉంచుతున్నాం.

ముందుగా తమ వంశ ప్రశస్తి. 1931లో అమెరికాలోని సిన్సినాటి నగరంలో, ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీలో కేమీ సబ్బు ప్రచారం చూసుకుంటున్న నీల్ మెకెల్‌రాయ్ అనే యువకుడు, ఒక్కో బ్రాండ్‌కు ఒక్కో బాధ్యుడు ఉండాలని మూడు పేజీల మెమో రాశాడు. తమ వంశవృక్షం ఆ కాగితంలోనే మొలకెత్తిందని పెద్దలంటారు. పాపం, ఆ కాలపు మనిషి కదా! సరుకు ఎక్కడ సరిగా పోవడం లేదో అక్కడికి ఆ బాధ్యుడు స్వయంగా వెళ్లాలని, దుకాణదారులనూ కొనేవాళ్లనూ తన కళ్లతో చూసి, తన చెవులతో విని తెలుసుకోవాలని అందులో రాసుకున్నాడు. తర్వాతి కాలంలో అమెరికా రక్షణ మంత్రి అయినా ఆయనకు ఎండలో తిరిగే ఆ ముతక ఆలోచన మించి తోచలేదు. తమరు ఆ మహాపాదయాత్ర నుంచి తమ భక్తకోటిని ఒక్క వేటుతో విముక్తం చేశారు. ఇప్పుడు ఎవరూ ఏ గడపా తొక్కనక్కర్లేదు. హాస్టల్ గదిలో తలుపు వేసుకుని, ఇయర్‌ఫోన్లు బిగించుకుని, "నా యూజర్లను మూడు వర్గాలుగా విభజిస్తాను" అని గోడతో చెబితే చాలు, లోకంలోని మనుషులందరూ వరసగా వచ్చి ఆ మూడు డబ్బాల్లో సర్దుకుంటారు. జనాన్ని కలవకుండానే జనహృదయాన్ని గెలిచే ఈ విద్య పూర్వం ఏ చక్రవర్తికి అబ్బింది?

2013 తమ సామ్రాజ్యానికి స్వర్ణ సంవత్సరం. 'క్రాకింగ్ ద పీఎం ఇంటర్వ్యూ', 'డీకోడ్ అండ్ కాంక్వర్' అనే రెండు మహాగ్రంథాలు ఆ ఒక్క ఏడాదిలోనే వెలువడి తమ పీఠానికి రెండు సింహాల్లా కుదిరాయి. అదే ఏడాది గూగుల్‌లో సిబ్బంది వ్యవహారాల అధిపతిగా ఉన్న లాస్లో బాక్, విమానంలో ఎన్ని గోల్ఫ్ బంతులు పడతాయి, మన్‌హాటన్‌లో ఎన్ని పెట్రోల్ బంకులున్నాయి వంటి ప్రశ్నలు అభ్యర్థి పనితనం గురించి ఏమీ చెప్పవని, అదంతా కాలహరణమని న్యూయార్క్ టైమ్స్‌తో అనేశారు. ఆలయం కట్టినవారే దేవుడు లేడన్నా దీపం కొండెక్కనివ్వని భక్తి తమ అనుచరులది. నాటి నుంచి నేటిదాకా ఆ బంతులను లెక్కిస్తూనే ఉన్నారు. ఎదుటివారు వద్దన్నా సేవ మానని ఇంతటి విధేయతను, నమ్మిన సిద్ధాంతం కోసం సాక్ష్యాన్ని సైతం త్యజించే ఇంతటి నిష్ఠను ఎన్ని నోళ్లతో పొగిడినా తక్కువే.

ఇక తమరు ప్రసాదించిన ఏడు మెట్ల సర్కిల్స్ పద్ధతి సంగతి. మా ఏడుపాయల దగ్గర మంజీర ఏడు పాయలుగా చీలి, వనదుర్గమ్మ పాదాలు తడిపి మళ్లీ కలుస్తుంది. ఆ ఏడు పాయల్లో ఏ నీళ్లు ఎటు మళ్లుతాయో నదికే తెలియదు. తమ ఏడు మెట్లలో అలాంటి అనిశ్చితికి తావే లేదు. అంధుల కోసం అలారం గడియారం తయారు చేయమన్నా, వెయ్యి అంతస్తుల భవనానికి లిఫ్టు రూపొందించమన్నా, అవే ఏడు మెట్లు, అవే మూడు పరిష్కారాలు, అందులో మూడోది తప్పకుండా ఏఐ. కంటిచూపు లేని ఒక్క మనిషితోనైనా ఎన్నడూ మాట్లాడకుండా, ఆ మనిషి ఉదయాన్నే ఎలా లేస్తాడో ముప్పై నిమిషాల్లో తేల్చేసే ఈ దివ్యదృష్టి ముందు, హస్తినాపురంలో కూర్చుని కురుక్షేత్రాన్ని చూసిన సంజయుడి చూపు ఏపాటిది?

ఆ అభినయ వైభవం వేరే చెప్పాలి. ప్రశ్న వినగానే భక్తుడు నొసలు ముడిచి, కలం అందుకుని, "ఆలోచించుకోవడానికి ఒక్క నిమిషం ఇవ్వగలరా?" అని వినయంగా అడుగుతాడు. జవాబు నిరుడే కంఠస్థమై ఉంటుంది. అయినా ఆ నిమిషమంతా కాగితం మీద గీతలు గీస్తూ, అప్పుడే మెరిసిన ఊహను పట్టుకున్నట్టు తలెత్తుతాడు. అటువైపున్న వారికీ ఆ జవాబు కంఠతా వచ్చు, అదే పుస్తకం చదివే వారూ ఆ కుర్చీకి చేరారు. అయినా ఇద్దరూ ఆశ్చర్యపోతారు. బట్టీ పట్టినదాన్ని అప్పటికప్పుడు పుట్టినట్టు చెప్పడం, ముందే తెలిసినదాన్ని తొలిసారి విన్నట్టు వినడం, ఈ రెండు కళలనూ ఒకే గదిలో కూర్చి నిజాయితీని పరీక్షించే ఏర్పాటు తమకు తప్ప ఇంకెవరికి తోచేది?

తమ సిలబస్ శుచిత్వం మరీ ముచ్చటైనది. మా జిల్లాలో వడ్లు కోతకొచ్చిన రోజుల్లో కొనుగోలు కేంద్రాల ముందు కుప్పలు పోసి, తేమ 17 శాతానికి దిగే దాకా ఆరబోసి, గన్నీ సంచుల కోసం, కాంటా కోసం, లారీ కోసం రాత్రుళ్లు కాపలా కాస్తారు. మబ్బు పడితే టార్పాలిన్ కప్పుతారు, ఎండొస్తే తీస్తారు. తాలు ఎంత, తరుగు ఎంత, మిల్లు ఎంత కోస్తుంది, డబ్బు ఎప్పుడు పడుతుంది అన్న ప్రశ్నలు అక్కడ నేల మీద గింజల్లా పడి ఉంటాయి. కుప్పను చూసి ఎన్ని బస్తాలవుతాయో నాయిన నిలబడ్డ చోటే చెబుతాడు, కాంటా మీద పెద్దగా తేడా రాదు. ఇటువంటి దుమ్ము కొట్టుకున్న సమస్యలు, ఇటువంటి మొరటు అంచనాలు తమ భక్తుల చెవిన పడకుండా తమరు కట్టిన కోటగోడ మా ఖిల్లా కంటే దృఢమైనది. నాయిన ఫోన్ చేసి "మెసేజ్ వచ్చింది, ఏమని రాసిందో చదివి చెప్పు బిడ్డా" అంటే, "మాక్ ఉంది నాయినా, తర్వాత చేస్త" అని పెట్టేసి, గ్రామీణ రైతు కోసం యాప్ రూపొందించే ప్రశ్నకు అనర్గళంగా జవాబు చెప్పగల ఏకాగ్రతను తమరే కదా నేర్పారు!

వానాకాలం మంజీర పొంగి, ఘనపూర్ ఆనకట్ట పొర్లితే, వనదుర్గమ్మ గుడి నీళ్లలో మునుగుతుంది. అప్పుడు రాజగోపురంలో ఉత్సవ విగ్రహం పెట్టి పూజలు చేస్తారు. ఎంతో దూరం నుంచి పిల్లాపాపలతో వచ్చినవాళ్లు అక్కడిదాకా వచ్చాకే వాళ్లకు ఆ సంగతి తెలియవచ్చు. ఎవరికి ఏ కబురు ఎప్పుడు ఎలా చేరాలన్నది తమ విద్యలో ఓనమాలని గిట్టనివాళ్లు అనుకోవచ్చు గానీ, తమ ఔన్నత్యం వాళ్లకేం తెలుసు? ఇంటర్వ్యూలో ఇష్టమైన ప్రొడక్ట్ ఏదంటే ఎన్నడూ బస చేయని ఎయిర్‌బీఎన్‌బీ పేరు చెప్పాలి. అక్కన్నపేట నుంచి లైను పడి 2022లో మా ఊరికి వచ్చిన రైలుబండి పేరు చెబితే పరువు దక్కుతుందా? తన బతుకులో ఏనాడూ తగలని వస్తువు మీద పుట్టే ప్రేమే నిష్కామమైనదని గీతా రహస్యంలా బోధించిన తమ ఔదార్యానికి జోహార్లు.

ప్రవర్తన పరీక్షలో తమరు పోసే కావ్యరసం ఇంకా మధురం. సందర్భం, బాధ్యత, చర్య, ఫలితం అనే నాలుగు స్తంభాల స్టార్ మంటపంలో ప్రతి జీవితమూ ఇతిహాసమవుతుంది. కాలేజీ ప్రాజెక్టులో నలుగురు చాయ్ దగ్గర వాదించుకున్న సాయంత్రం, "భిన్న విభాగాల మధ్య ఏకాభిప్రాయ సాధన"గా ఎదుగుతుంది. ఫలితంలో తప్పకుండా ఒక శాతం ఉండాలి, ఆ శాతం ఎక్కడి నుంచి వచ్చిందని అడగకపోవడం ఉభయపక్షాల మర్యాద. అమెజాన్ వారి నాయకత్వ సూత్రాలు పదహారు. వాటిలో మొదటిది కస్టమర్ పట్ల తపన. ఒక్కో సూత్రానికి ఒక్కో కథ అల్లుకునే పనిలో మునిగి, కస్టమర్ అనే ప్రాణిని చూడడానికి తీరిక దొరకని ఆ తపన ముందు మునుల తపస్సు చిన్నబోతుంది. "మా కంపెనీయే ఎందుకు?" అన్న ప్రశ్నకు చిన్ననాటి నుంచి గుండెలో దాచుకున్న ప్రేమను వెల్లడించాలి. సోమవారం ఒక కంపెనీకి, గురువారం ఇంకో కంపెనీకి అదే ప్రేమ, అవే కన్నీళ్లు, పేరు ఒక్కటే మార్పు. ఇంత సమదృష్టి పరమహంసలకు గానీ సాధ్యం కాదు.

తమ సింహద్వారం న్యాయనిరతి లోకోత్తరం. ప్రొడక్ట్ మేనేజర్ కావాలంటే ప్రొడక్ట్ మేనేజర్‌గా అనుభవం ఉండాలి, ఆ అనుభవం రావాలంటే ప్రొడక్ట్ మేనేజర్ కావాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదన్న మన పెద్దల మాటకు ఇంతకంటే ఘనమైన గుడి ఎవరు కట్టారు? ఆ ద్వారం దగ్గర రెఫరల్ అనే తాంబూలం ఉన్నవారిని ముందు పిలుస్తారు. అది లేనివాళ్లు మాక్ ఇంటర్వ్యూల గురువులకు గంట లెక్కన దక్షిణ చెల్లించి, ప్రతిభకు సొంతంగా రెక్కలు మొలిచాయని నిరూపించుకుంటారు. నిన్నటిదాకా వీళ్లలాగే వరసలో నిలబడి, నేడు లోపలికి అడుగుపెట్టి, రేపే గురుపీఠం ఎక్కిన ఆ మహానుభావుల వేగం చూస్తే విద్యకు వయసుతో పనిలేదని రుజువవుతుంది. తెలుగులో కల కని, తెలుగులో లెక్క కట్టి, తెలుగులో న్యాయం ఆలోచించే మా పిల్లలు ఆ ఆలోచనను ఇంగ్లీషు యాసలో ముప్పై సెకన్లలో ఒలికించలేకపోతే, ఆ ఆలోచనే లేదని తేల్చేసి వారికి శ్రమ తగ్గించే తమ కరుణ అపారం.

తమ కొలమానం ఎంత కఠినమో చూపడానికి మా ఊరి చర్చి చాలు. కరువుకాలంలో ఆకలితో అలమటించేవాళ్లకు పని కల్పించి, కూలికి కూడు పెట్టి, 1914లో మొదలుపెట్టిన కట్టడాన్ని 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ చేశారు రెవరెండ్ చార్లెస్ వాకర్ పాస్నెట్. 175 అడుగుల గోపురం ఇప్పటికీ నిలబడే ఉంది. కానీ తమ తొలి రౌండులోనే ఆ దొర జారిపోయేవాడు. మొదట ఎవరి అవసరం చూశావంటే గుమ్మంలో నిలబడ్డ ఆకలి అనేవాడు. ప్రాధాన్యం ఎలా కట్టావంటే కనబడ్డవాళ్లకు పని ఇచ్చాననేవాడు. మూడు వర్గాలూ లేవు, ప్రాధాన్యం తేల్చే రైస్ స్కోరు లేదు, దారి చూపే నార్త్ స్టార్ కొలత లేదు. అటువంటి క్రమశిక్షణ లేని మనిషికి వందేళ్లు నిలిచే పని అప్పగించడం ఎంత ప్రమాదమో తమరు గ్రహించినట్టు ఇంకెవరూ గ్రహించలేదు.

ఇక ఫలశ్రుతి. ఈ స్తోత్రాన్ని లాప్‌టాప్ కెమెరా కంట్లో కన్ను పెట్టి, చిరునవ్వు చెదరనివ్వకుండా మూడు పూటలా పఠించిన వారికి ఐదు రౌండ్ల దర్శన ప్రాప్తి. వారిలో అధికులకు "మీ ప్రొఫైల్ మమ్మల్ని ఎంతగానో ఆకట్టుకుంది" అని మొదలై, ఎందుకు కాదన్నారో చెప్పకుండానే ముగిసే ఉత్తర భాగ్యం. ధన్యులైన కొద్దిమందికి గాజు మేడలో కుర్చీ, మెడలో బిళ్ల. ఏదో ఒకనాడు నిజంగానే ఒక కస్టమర్ వచ్చి ఆ కుర్చీ ఎదుట కూర్చుని, తన గోడు చెప్పుకోవడం మొదలుపెడితే, తమ భక్తుడు తొణకడు, బెణకడు. ఆమె మొదటి వాక్యం పూర్తికాకముందే ఆమె ఏ వర్గమో తేల్చి, మూడు పరిష్కారాలు వినిపించి, మూడోదాన్ని సిఫారసు చేసి, చక్కగా సారాంశం చెప్పి ముగిస్తాడు. ఆమెకు ఏం కావాల్సి వచ్చిందో తెలుసుకోవాల్సిన అవసరం తమ దయవల్ల అతనికి ఏనాటికీ కలగదు.