నా జబ్బు ఇంజన్‌ది కాదు

నేను అంబాసిడర్ కారుని. దుగ్గిరాలలో పసుపు గోడౌన్ల వెనక రేకుల షెడ్డులో, నాలుగు టైర్లలోనూ గాలి లేక రిమ్ముల మీద కూర్చుని ఉన్నాను. నా గురించి ఎవరడిగినా ఊళ్ళో ఒకటే చెబుతారు: "చలికాలం స్టార్టయ్యేది కాదండీ. ఇంజన్ బోరుకొచ్చింది, పక్కన పడేశారు." మొదటి ముక్క నిజమే. రెండోది అబద్ధం. ఆ అబద్ధం మోస్తూ తుక్కులోకి పోవడం ఇష్టం లేక నోరు విప్పుతున్నాను.

పుట్టింది కలకత్తా పక్కన ఉత్తరపారాలో, హిందూస్తాన్ మోటార్స్ కార్ఖానాలో. మాది మార్క్ 4. డీజిల్ ఇంజన్‌తో మన దేశంలో తయారైన మొదటి కారు మాదే. ఇంజన్ 1489 సీసీ. పుట్టుక గురించి ఇంతకుమించి చెప్పుకోవలసిందేమీ లేదు.

ఈ ఊరికి నన్ను తెచ్చింది పసుపు కమిషన్ వ్యాపారం చేసే షావుకారు గారు. సంక్రాంతి దాటితే యార్డుకు కొత్త పసుపు మొదలు. తెల్లవారకముందే కొల్లిపర వైపు రైతుల కళ్లాల దగ్గరికి బయలుదేరాలి. కాలువ మీది మంచు లాకుల దగ్గర రోడ్డు కనపడనిచ్చేది కాదు. అయినా ఆ రోజుల్లో ఒక్క పొద్దు కూడా నేను మొరాయించలేదు. అదంతా మా డ్రైవరు చలవే. షావుకారు గారు వెనక సీట్లోంచి తొందరపెడితే, "ఒక్క నిమిషం ఆగండయ్యగారూ, హీటర్ కాలనివ్వండి" అనేవాడు.

ఆ ఒక్క నిమిషంలోనే నా ప్రాణం ఉంది. పెట్రోలు బండికి నిప్పురవ్వ ఉంటుంది, నాకది లేదు. సిలిండర్లోకి పీల్చిన గాలిని ఇరవై రెట్లకు పైగా నొక్కితే అది కాగుతుంది. ఆ వేడి గాలిలోకి డీజిల్ చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. ఇనుము చల్లగా ఉంటే ఆ వేడిని మింగేస్తుంది. అందుకే సిలిండరుకొకటి చొప్పున నాలుగు హీటర్ ప్లగ్గులు. అవి ముందు ఎర్రబడాలి, ఆ తరవాతే సెల్ఫ్ కొట్టాలి. మా డ్రైవరు బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ తప్ప వేరే నీళ్ళు పోయనిచ్చేవాడు కాదు. టెర్మినళ్ళ మీద తెల్లగా పొడి కట్టిందంటే వేడినీళ్ళతో కడిగి, ఆరాక వేజలీన్ రాసేవాడు. అలాంటి చేతులు మళ్ళీ నా మీద పడలేదు.

షావుకారు గారు పోయాక నన్ను టాక్సీకి అమ్మేశారు. తెనాలి, రేపల్లె, బాపట్ల... ఎక్కడికి రమ్మంటే అక్కడికి. పెళ్ళికూతుళ్ళను మోశాను, నొప్పులు పడుతున్న ఆడవాళ్ళను గుంటూరు పెద్దాసుపత్రికి చేర్చాను. 1990 మే తుపాను కృష్ణ సముద్రంలో కలిసేచోట తీరం దాటినప్పుడు రేపల్లె వైపు నుంచి ముసలివాళ్ళనూ పసిపిల్లలనూ తెనాలికి తెచ్చాను. ఆ పని తలుచుకుంటే ఈ షెడ్డులో కూడా నాకు గర్వంగానే ఉంటుంది.

నిజాంపట్నం హార్బరుకీ సూర్యలంకకీ తిరిగిన తిరుగుడులో ఉప్పుగాలి నా అడుగు పట్టింది. నా ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. రబ్బరులో కరెంటు పారదు కాబట్టి బాడీకీ ఇంజన్‌కీ మధ్య అల్లిన రాగి పట్టీ ఒకటి వేస్తారు. ఎర్త్ తీగ అంటే అదే. సెల్ఫ్ మోటారు తాగే కరెంటంతా తిరిగి బ్యాటరీకి చేరేది దాని మీదుగానే. దాని బోల్టు కింద ఉప్పుకి తుప్పు పట్టింది. నా జబ్బల్లా అక్కడే.

ఒక ఓమ్‌లో నూరో వంతు అడ్డు పడిందనుకోండి. లైట్లు బాగానే వెలుగుతాయి, హారన్ మోగుతుంది. కాని సెల్ఫ్ 200 ఆంపియర్లు లాగినప్పుడు ఆ చిన్న అడ్డు దగ్గరే 2 వోల్టులు పోతాయి. చలిపొద్దున ఆయిలు చిక్కబడి ఇంజన్ బరువుగా తిరుగుతుంది, సెల్ఫ్ ఇంకా ఎక్కువ లాగుతుంది, ఇంకా ఎక్కువ పోతుంది. హీటర్ ప్లగ్గులకూ చాలినంత కరెంటు అందదు. మధ్యాహ్నం అయితే ఏ గొడవా లేదు. దాంతో అందరూ చలిని తిట్టారు. ఇది లంబసింగి కాదు, దుగ్గిరాల. ధనుర్మాసంలో కూడా పదిహేను డిగ్రీల కిందికి దిగే రోజులు అరుదు. డీజిల్ గడ్డకట్టే చలి మన డెల్టాలో లేనే లేదు. ఉన్న లోపాన్ని చలి బయటపెట్టిందంతే.

ముందు కొత్త బ్యాటరీ వేశారు. తరవాత సెల్ఫ్ మార్చారు. ఆ తరవాత ఇంజెక్టర్లు విప్పారు. ఒకాయన గాలి పీల్చే గొట్టం దగ్గర కిరసనాయిలు గుడ్డ వెలిగించి పట్టాడు. రాత్రిళ్ళు కాలువ కట్ట వాలులో నిలబెట్టి, పొద్దున్నే నలుగురూ తోసేవాళ్ళు. తోస్తే పది గజాలు పోకముందే అందుకునేదాన్ని! తోపుకి అంత తేలిగ్గా అందుకునే ఇంజన్‌లో కంప్రెషన్ ఉన్నట్టు, డీజిల్ ఎక్కుతున్నట్టు. లేనిదల్లా సెల్ఫ్‌కి కరెంటు. అది ఒక్కరికీ తట్టలేదు. ఇంజన్ ఆపడానికి లాగే స్టాప్ కేబులు సెల్ఫ్ కొట్టినప్పుడల్లా చెయ్యి కాలేంత వేడెక్కేది. ఎర్త్ దారి మూసుకుపోతే కరెంటు ఆ సన్నటి కేబులు గుండా పోతుంది. దాని తొడుగు కమిలి వాసనొస్తే, టేపు చుట్టి ఊరుకున్నారు.

వినే ఓపిక ఉంటే బండి తన రోగం తానే చెబుతుంది. సెల్ఫ్ ఈడ్చుకుంటూ తిరిగితే బ్యాటరీ, టెర్మినళ్ళు, ఎర్త్ చూడాలి. చురుగ్గా తిరిగి కూడా అందుకోక, పొగగొట్టంలోంచి తెల్లపొగ వస్తుంటే హీటర్ ప్లగ్గులు చూడాలి. ప్లగ్గు మీది తీగ విప్పి, బ్యాటరీ పాజిటివ్ నుంచి టెస్ట్ బల్బు గుండా దానికి ఆనిస్తే, బల్బు వెలిగితే ప్లగ్గులో తీగ తెగలేదని అర్థం. పొగే రాకపోతే రాత్రికి రాత్రి లైనులో ఎయిర్ పట్టి డీజిల్ వెనక్కి జారి ఉంటుంది. ఇవన్నీ చూశాకే ఇంజన్ మీద చెయ్యి వేయాలి. నా విషయంలో ఇంజన్ మీద తీర్పే ముందు వచ్చింది. "బోరింగ్ చేయించాలి, ఖర్చు దండగ" అన్నారు. కొత్త కారు వచ్చింది. నన్ను ఈ షెడ్డుకి తోసుకొచ్చారు. ఆ తోపుకి కూడా ఇంజన్ అందుకుంది. తాళం తిప్పి కాదు, ఆ కమిలిన స్టాప్ కేబులే లాగి ఆపారు.

2014 మే నెలలో ఉత్తరపారాలో మా తయారీ ఆగిపోయింది. పాత ఇనుము కొనే అతను వచ్చి నన్ను చుట్టూ చూసి, బరువు లెక్కన ధర చెప్పి వెళ్ళాడు. అతను మళ్ళీ వచ్చేలోపు మీలో ఎవరైనా ఒక మంచి బ్యాటరీ, ఒక జంపర్ తీగ పట్టుకుని రండి. పాత డీజిల్ పారబోసి కొత్తది పోసి, లైనులో ఎయిర్ తీయండి. తీగ ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కి, రెండో కొస నేరుగా ఇంజన్ దిమ్మకి పట్టించండి. హీటర్ కాలనిచ్చి ఒక్కసారి సెల్ఫ్ కొట్టండి.