పది రోజుల్లో ట్రాక్ బండి

"పది రోజులు టైమియ్యన్నా, బండిని ట్రాక్ మీదకి తెస్తా." జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా పాత ఆర్‌ఎక్స్ 100 ఉన్న ఏ కుర్రాణ్ణి కదిపినా, తన మెకానిక్ ఇచ్చిన ఈ వాగ్దానాన్ని అప్పజెబుతాడు. ట్రాక్ ఎక్కడుందని మాత్రం అడగకూడదు. చిల్లకల్లు చుట్టుపక్కల ఉన్నది 65వ నంబరు జాతీయ రహదారి. దాని మీద ఒక టోల్‌గేటు, వరసగా సిమెంటు లారీలు, రాంగ్ రూట్లో ఎదురొచ్చే ట్రాక్టర్లు. అసలు సిసలు ట్రాక్ కావాలంటే మద్రాసు దాటి శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై పోవాలి. 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. హైదరాబాదులో 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్ల రేసు పెట్టారు గానీ, మరుసటేడు అదీ రద్దయింది.

సరే, బండి సంగతి చూద్దాం. ఎస్కార్ట్స్ వాళ్లు 1985లో తెచ్చిన ఈ యమహా తయారీ 1996లో ఆగిపోయింది. 98 సీసీ, 11 గుర్రాల బలం, నూరు కిలోల పైచిలుకు బరువు. ఆ లెక్కకి మంచి బండే, కాదనను. మొదట్లో విడిభాగాలు జపాన్ నుంచి వచ్చిన మాటా నిజమే. అయితే అమ్మేవాడి నోట్లో ప్రతి బండిదీ జపాన్ ఇంజనే! ఆ లెక్కన జపాన్ వాళ్లు తమకంటూ ఒక్కటి కూడా ఉంచుకోలేదనాలి.

పని మొదలయ్యేది ఇంజన్‌తో అనుకుంటే మీరు అమాయకులు. ముందు ట్యాంకుకి పెయింట్, ఆ తర్వాత స్టిక్కర్. వెనక మడ్‌గార్డు ఎగిరిపోతుంది, సీటు సగానికి తెగుతుంది. అప్పుడు బోరు కొట్టిస్తారు. "అర మిల్లీమీటరు పెంచాం, ఇక ఆగదు!" ఈ ఇంజన్ బోరు (సిలిండర్ వ్యాసం), స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) రెండూ 50 మిల్లీమీటర్లే. అర మిల్లీమీటరు పెంచితే కలిసొచ్చేది రెండు సీసీలు. అరిగిన సిలిండర్‌కి చేసే రిపేరుకి రేసింగ్ అని పేరు పెట్టడంలో మనవాళ్ల ప్రతిభ అపారం.

అసలు ఘనకార్యం సైలెన్సర్ దగ్గర. ఇలాంటి టూ స్ట్రోక్ బండికి అది పొగ పోయే గొట్టం మాత్రమే కాదు. బయటికి దూసుకుపోయే ఒత్తిడి, గొట్టం సన్నబడే చోట తగిలి వెనక్కి మళ్లుతుంది. కాలకుండా జారిపోతున్న పెట్రోలును తిరిగి సిలిండర్లోకి నెడుతుంది. పికప్ సగం అక్కడే పుడుతుంది. మన మెకానిక్ హాక్సా బ్లేడుతో ఆ భాగాన్నే కోసి అవతల పారేస్తాడు. మోత పెరుగుతుంది, లాగుడు చస్తుంది. మోత వింటున్నవాడికి స్పీడు పెరిగిందనే అనిపిస్తుంది, అందుకే ఎవడూ డబ్బు వెనక్కి అడగడు.

కొత్త పిస్టన్ వేశాక కొన్ని వందల కిలోమీటర్లు మెల్లగా తోలి సిలిండర్‌కి మాలిమి చెయ్యాలి. పది రోజుల గడువులో దానికి చోటేదీ? పదకొండో రోజు పొద్దున్నే కుర్రాడు హైవే ఎక్కి, చెయ్యి తిరిగినంతా తిప్పుతాడు. వేడికి పిస్టన్ ఉబ్బి, పట్టేసి, వెనక చక్రం అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. ఆ క్షణంలో క్లచ్ పట్టుకోవడం తెలిసినవాడు ఇంటికి నడిచొస్తాడు. తెలియనివాణ్ణి నలుగురు మోసుకొస్తారు. ఇంత చేసి బ్రేకుల జోలికి పోరు. ముందూ వెనకా ఆ పాత డ్రమ్ములే. ఆగడం ఎలాగో అడిగితే మనం పిరికివాళ్లం.

చట్టం కూడా కాస్త మొరటుది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని అనుమతి లేకుండా మారిస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదంటే రెండూ. సైలెన్సర్ ఒకటి, హ్యాండిల్ రెండు, ఛాసిస్ కోత మూడు... లెక్క మీరే కట్టుకోండి. ఇదే మాట ఒక మెకానిక్‌తో అంటే ఆయన పకపకా నవ్వి, "మనల్ని అందుకునే స్పీడు పోలీసుల దగ్గరెక్కడిదన్నా!" అన్నాడు. అప్పటికి మూడు వారాలుగా ఆయన చేతిలో ఉన్న బండి పిస్టన్ లేకుండా స్టాండు మీదే ఉంది.